పంపు నీళ్ళు, పొయ్యి కట్టెలు: స్వీడన్‌లో నెమ్మదించడానికి నాకు పట్టిన పదిన్నర నెలలు

2023 నవంబరు 14, మంగళవారం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మా బిల్డింగ్ తలుపు ముందు నిలబడ్డాను. స్టాక్‌హోమ్‌లో చాలా బిల్డింగులకు వీధి తలుపు దగ్గర నాలుగంకెల కోడ్ ఉంటుంది. నాలుగేళ్ళుగా రోజూ నొక్కే నంబరే. ఆ రోజు వేలు మీటల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంత ఆలోచించినా ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు. సన్నగా వాన పడుతోంది, చీకటి, చేతిలో పాల ప్యాకెట్లు. మా ఆయనకు ఫోన్ చేస్తే చెప్పేవారు. ఫోన్ చేయొచ్చన్న సంగతి కూడా తోచలేదు. పావుగంట తర్వాత పై అంతస్తులో ఉండే ఆయన కుక్కను తిప్పడానికి బయటికి వస్తే ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళాను. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

అంతకు ముందు ఆరు నెలలుగా నిద్ర సరిగా లేదు. మాట్లాడుతుంటే మాటలు మర్చిపోతున్నాను. పాప స్కూల్ మీటింగు రెండుసార్లు మర్చిపోయాను. ఒంట్లో నలతే కదా, సెలవుల్లో పడుకుంటే పోతుందనుకున్నాను. ఆ రోజు మాత్రం భయం వేసింది.

ఇక్కడి అడవులు, చెరువులు, తెల్లటి ఇళ్ళు, కొవ్వొత్తులు చూపించి నెమ్మదిగా బతకడం గురించి చాలామంది అందంగా చెప్తారు. అది నా జీవితంలోకి ఎలా వచ్చిందో, ఎన్ని రోజులు పట్టిందో, ఎంత ఖర్చయిందో, మధ్యలో ఎంత చిరాకు పడ్డామో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇదే దారిలోకి రాబోయే వాళ్ళెవరికైనా పనికొస్తుంది.

మర్నాడు ఉదయం మా పేటలోని ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాను. ఇక్కడ ఫోన్‌లో వెంటనే మనిషి దొరకరు. మన నంబరు తీసుకుని, ఏ టైముకి తిరిగి చేస్తారో మెషిన్ చెప్తుంది. నాకు 10:40 అని చెప్పింది, సరిగ్గా ఆ టైముకే నర్సు ఫోన్ చేసింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి ఎప్పుడు హాయిగా నిద్రపోయావు?" నాకు జవాబు తెలియలేదు. డాక్టరు అపాయింట్‌మెంట్ నవంబరు 23కి దొరికింది. మధ్యలో ఆ రోజుల్లోనూ ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళకూడదని ఇప్పుడు తెలుసు.

డాక్టరు ముందు థైరాయిడ్, ఐరన్, బి12 పరీక్షలు రాశారు. అవన్నీ బాగానే ఉన్నాయి. డిసెంబరు 1న మళ్ళీ పిలిచి, ఇది ఉట్‌మాట్‌నింగ్స్‌సిండ్రోమ్ అన్నారు. విపరీతమైన అలసట వల్ల మెదడూ ఒళ్ళూ మొరాయించడం. స్వీడన్‌లో 2005 నుంచి దీనికి ప్రత్యేకంగా రోగ నిర్ధారణ కోడ్ ఉంది. అంటే సోమరితనమనో, మనసు పాడు చేసుకుందనో అనరు, జబ్బుగానే రాస్తారు. జనవరి 7 దాకా నూటికి నూరు శాతం సెలవు రాశారు. కాగితం చేతిలో పట్టుకుని, "నేనేం చేయాలి?" అని అడిగాను. "ఏమీ చేయకు" అన్నారు. ఆ మాట వింటే ఊరట కలగాలి. నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

డబ్బు సంగతి. మొదట ఒక రోజుకు దగ్గరగా జీతం కోస్తారు. తర్వాత పద్నాలుగో రోజు దాకా కంపెనీయే 80 శాతం ఇస్తుంది. ఎనిమిదో రోజు నుంచి డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. పదిహేనో రోజు నుంచి ప్రభుత్వ బీమా నుంచి వస్తుంది, అది 80 శాతానికి కాస్త తక్కువ, పైగా దానికొక పరిమితి ఉంది. నేనొక ఫారం పంపడం ఆలస్యం చేశాను, అందుకని మొదటి డబ్బు ఆరో వారంలో పడింది. ఆ లోపు దాచుకున్నది తీసి వాడాం. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఫారాల పని ఇంట్లో వేరే వాళ్ళకు అప్పజెప్పడం మంచిది. కోడ్ గుర్తుండని మనిషికి ఫారాలు గుర్తుండవు.

అమ్మకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. తెనాలి నుంచి వీడియో కాల్‌లో నన్ను పైనుంచి కింద దాకా చూసి, "జ్వరం లేదంటున్నావు, దెబ్బ తగల్లేదంటున్నావు, మరి సెలవెందుకే?" అంది. "అలసిపోయానమ్మా" అన్నాను. "అలసిపోతే ఒక పూట పడుకోవాలి. నెలల తరబడి ఖాళీగా కూర్చుంటే మనిషి ఏమవుతుంది?" అంది. ఆవిడ తప్పు లేదు. మా ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడదాన్ని నేనెప్పుడూ చూడలేదు. కబుర్లు చెప్పేటప్పుడు కూడా మా నాయనమ్మ చేతిలో చేటో, చింతపండో ఉండేది. ఆ మాట నా చెవిలో చాలా నెలలు మోగింది.

డిసెంబరులో ఒక పిచ్చి పని చేశాను. ఇంటిని ప్రశాంతంగా మార్చాలని నార దుప్పట్లు, కొవ్వొత్తులు, ఒక తెల్లటి కుండీ, చిన్న దీపం కొన్నాను. మొత్తం 2,800 క్రోనాలు, మన లెక్కలో ఇరవై వేల రూపాయల పైమాటే. అన్నీ సర్ది, కొవ్వొత్తి వెలిగించి, దాని ముందు కూర్చుని రేపు ఏం చేయాలో మనసులో లిస్టు వేసుకున్నాను. ఆ వస్తువుల వల్ల నాకు ఒక్క గంట కూడా మేలు జరగలేదు.

మేలు చేసింది కౌన్సెలర్ ఇచ్చిన హోంవర్కు. రోజూ ఇరవై నిమిషాలు, ఒకే దారిలో, ఫోన్ లేకుండా నడవాలి. మేముండేది బ్యోర్క్‌హాగెన్‌లో. మెట్రో స్టేషన్ దాటి కాస్త నడిస్తే నక్కా అభయారణ్యం మొదలవుతుంది. డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు వెళ్ళిపోతాడు. అందుకని పదకొండింటికి బయలుదేరేదాన్ని. మొదటి రెండు వారాలు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. 2,140, 2,210, ఇలా. "లెక్కపెట్టొద్దు" అని కౌన్సెలర్ అంటే, ఎంత వేగంగా తిరిగి వస్తున్నానో చూసుకోవడం మొదలుపెట్టాను. జనవరి మూడో వారంలో ఒకరోజు దారిలో పడిపోయిన స్ప్రూస్ చెట్టు మొద్దు మీద, మంచు కింద పచ్చటి నాచు కనిపించింది. చేతి తొడుగు తీసి ముట్టుకున్నాను. చల్లగా, మెత్తగా, తడి స్పాంజిలా ఉంది. ఆ రోజు అడుగులు లెక్కపెట్టడం మర్చిపోయాను. ఇంటికి వచ్చాక గాని ఆ సంగతి తెలియలేదు.

సెలవు రెండుసార్లు పొడిగించారు. మార్చి 4 నుంచి నాలుగో వంతు పని, ఏప్రిల్ మధ్య నుంచి సగం. ఇక్కడ 25, 50, 75 అని మెట్లు మెట్లుగా పనిలోకి పంపిస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. పాతిక శాతమంటే రోజుకు రెండు గంటలు. ఆ రెండు గంటలకే ఇంటికొచ్చి పడుకునేదాన్ని.

మార్చి చివర్లో లైబ్రరీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన చీటీ చూశాను. నోర్‌తెల్యే అనే ఊరి దగ్గర ఒక చిన్న స్టుగా, మే నుంచి సెప్టెంబరు దాకా అద్దెకు, కుళాయి లేదు, నెలకు 4,000 క్రోనాలు. స్టుగా అంటే చెక్కతో కట్టిన వేసవి ఇల్లు. ఏప్రిల్ 13, శనివారం ముగ్గురం చూడటానికి వెళ్ళాం. మెట్రో, అక్కడి నుంచి 676 బస్సులో గంట, మళ్ళీ ఇంకో చిన్న బస్సు, ఆ తర్వాత మట్టిరోడ్డు మీద రెండున్నర కిలోమీటర్ల నడక. చెట్ల కింద ఇంకా అక్కడక్కడా మంచు ఉంది. ఆ మంచు పక్కనే నీలం రంగు బ్లోసిప్పా పూలు. మా పాప వంగబోతే ఇంటి యజమాని పెద్దావిడ, "చూడు, కానీ కోయకు" అంది.

ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. స్వీడిష్ భాషలో ఇప్పుడు ఒక మనిషిని గౌరవంగా మీరు అనడం దాదాపు లేదు, అందరినీ పేరు పెట్టి నువ్వు అనాలి. నాకు ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం నోరు రాలేదు, ఆరు నెలలూ ఏ పేరూ లేకుండానే మాట్లాడాను.

ఒకే గది, ఎర్ర రంగు, తెల్లటి కిటికీ అంచులు. ఆ ఎరుపు ఫాలూన్ రాగి గని మట్టి నుంచి వచ్చే రంగు, ఇక్కడ ఊళ్ళలో చెక్క ఇళ్ళకు ఎక్కువగా అదే. లోపల కట్టెల పొయ్యి, రెండు ప్లేట్ల కరెంటు స్టవ్, చిన్న ఫ్రిజ్. నూట ఇరవై అడుగుల అవతల చేతిపంపు. ఇంకాస్త అవతల, చెట్ల మధ్య, చెక్క మరుగుదొడ్డి. ఆవిడ నాలుగు సంగతులు చెప్పింది. పంపు ఎలా కొట్టాలి, బూడిద ఎక్కడ పోయాలి, మరుగుదొడ్డి బకెట్ నిండితే ఏం చేయాలి, ఆఖరున తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న పుస్తకం. 1991 నుంచి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ రోజుకొక వాక్యం రాసిన పుస్తకాలు వరసగా నాలుగున్నాయి. "అద్దె ఆలస్యమైతే పర్వాలేదు, పుస్తకం రాయడం మానొద్దు" అంది.

వెళ్ళే ముందు ఒక జాగ్రత్త. ఆ ప్రాంతంలో, స్టాక్‌హోమ్ తీరం పొడవునా, గడ్డిలో పిడుదులు ఎక్కువ. మన దగ్గర పశువులకు, కుక్కలకు పట్టే గోమార్ల లాంటివే, కానీ నువ్వుగింజంత కూడా ఉండవు. వాటివల్ల టీబీఈ అనే మెదడు జ్వరం వస్తుంది, దానికి టీకా ఉంది. వాటివల్లే వచ్చే, కరిచిన చోట ఎర్రటి వలయం కనిపించే బొర్రేలియా అనే జబ్బుకు మాత్రం మనుషులకు వేసే టీకా లేదు. మేము ఏప్రిల్‌లో ఒక డోసు, మేలో ఒకటి వేయించుకున్నాం. పెద్దవాళ్ళకు డోసు నాలుగైదు వందల క్రోనాలు. రబ్బరు బూట్లు ముగ్గురికీ కలిపి తొమ్మిది వందలు. బస్సు నెల కార్డు ఎలాగూ ఉంది, నోర్‌తెల్యే దాకా అదే చెల్లుతుంది.

మే 18న తాళంచెవి తీసుకున్నాం. మొదటి రోజే నీళ్ళ సంగతి తెలిసింది. పది లీటర్ల బకెట్లు ఆరు మోశాను. సాయంత్రానికి భుజాలు పడిపోయాయి. స్వీడన్‌లో మనిషి రోజుకు సగటున 140 లీటర్లు వాడతాడట. జూలై వచ్చేసరికి మేము ముగ్గురం కలిపి పాతిక ముప్పై లీటర్లతో సరిపెట్టుకునేవాళ్ళం, స్నానాలు చెరువులో. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలు కడగడానికి, అవి మొక్కలకు. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. మా నాయనమ్మ బావి గిలక దగ్గర చేదతో నీళ్ళు తోడి ఇలాగే వాడేది, నా చేతులకు అది గుర్తుంది.

మరుగుదొడ్డి విషయంలో మాత్రం మొదట్లో చిన్నతనంగా అనిపించింది. పని అయ్యాక రెండు గరిటెల పీట్, అంటే కుళ్ళిన నాచు మట్టి పొడి వేసి మూత పెట్టాలి, అంతే, వాసన రాదు. కానీ మా నాన్న 1994లో ఇంట్లో మరుగుదొడ్డి కట్టించిన రోజు నాయనమ్మ ఎంత సంబరపడిందో నాకు తెలుసు. ఇంట్లో సౌకర్యం లేక దొడ్డివైపు వెళ్ళిన వాళ్ళ మనవరాలిని, నెలకు నాలుగు వేల క్రోనాలిచ్చి మళ్ళీ చెట్ల మధ్యకు వెళ్తున్నాను. మనకు ఇష్టమై వదులుకున్నదానికీ, లేక పడిన ఇబ్బందికీ చాలా తేడా ఉంది. కుళాయి ఉన్న ఇల్లు ఒకటి నగరంలో ఉంది కాబట్టే నాకు ఆ పంపు ముచ్చటగా ఉంది. ఈ మాట అనకుండా స్టుగా జీవితం గొప్పదని చెప్పడం నాకు ఇష్టం లేదు.

మొదటి రాత్రి పుస్తకంలో రాశాను. తెలుగులో రాస్తే ఎవరికీ అర్థం కాదు కదా అని ధైర్యం. "నీళ్ళు ఆరు బకెట్లు. కిటికీలు కడిగాను. అటక దులిపాను. పొయ్యి రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి వెలిగించాను. పాపకు లెక్కలు చెప్పాను. పప్పు, చారు, అన్నం." రెండు వారాల తర్వాత పెద్దావిడ వచ్చి పుస్తకం తిరగేసింది. పాతవాళ్ళు రాసినవి ఒక్కో గీత. నావి పేజీకి రెండు రోజులు. ఏం రాశావని అడిగింది, స్వీడిష్‌లో చదివి చెప్పాను. కాసేపు ఆగి, "నువ్వు చేసిన పనులు రాశావు. రోజు ఎలా ఉందో రాయలేదు" అంది. తిట్టలేదు, మామూలుగానే అంది. నాకు మాత్రం ముఖం వేడెక్కింది.

జూన్ చాలా అందంగా గడిచింది. దొడ్లో రుబార్బ్ కాడలు ముంజేయంత పొడుగు పెరిగాయి. వాటి పులుపు పప్పులోకి భలే కుదురుతుంది. ఆకు తినకూడదు, విషం, కాడ మాత్రమే. అమ్మ ఫోన్‌లో, "గోంగూర పులుపా, చింతకాయ పులుపా?" అని అడిగింది. రెంటికీ మధ్యలో అని చెప్పాను. మిడ్‌సొమ్మార్ పండగ జూన్ 21న వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరూ ఆకులూ పూలూ చుట్టిన స్తంభం ఎత్తి, చుట్టూ కప్పల్లా గెంతుతూ ఆడారు. మా పులిహోర గిన్నె కొత్త బంగాళాదుంపల పక్కన ఖాళీ అయింది. సూర్యుడు రాత్రి పదింటికి గాని దిగలేదు, మూడున్నరకే మళ్ళీ వచ్చాడు. ఆ వెలుతురులో నిద్ర పట్టక అవస్థ పడ్డాను. కిటికీకి నల్ల దుప్పటి మేకులతో కొట్టాక గాని రాత్రి రాలేదు.

అసలు కష్టం జూలైలో వచ్చింది. ఇక్కడ వేసవిలో వరసగా నాలుగు వారాల సెలవు చట్టప్రకారం హక్కు. జూలై 1 నుంచి 28 దాకా నాలుగు వారాలూ అక్కడే ఉండాలని వెళ్ళాం. మా ఆయనకు రెండు వారాలే కుదిరింది, మొదటి పక్షం నేనూ పాపా. మొదటి మూడు రోజులు ఉత్సాహంగా ఉంది. నాలుగో రోజు వాన మొదలైంది, ఐదు రోజులు ఆగలేదు. ఒకటే గది. దోమలు. పాప ప్రతి పది నిమిషాలకీ, "అమ్మా, ఇప్పుడేం చేద్దాం?" అంటుంది. నాకే తెలియదు. ఆరో రోజు పొద్దున్నే ఛాతీలో ఆ పాత బిగుతు తిరిగి వచ్చింది. సిగ్నల్ అందే బండ ఒకటి ఇంటి వెనక ఉంది. వానలో గొడుగు పట్టుకుని దాని మీద నిలబడి ఆఫీసు మెయిల్ తెరిచాను. రెండు గంటలు చదివాను, మూడింటికి జవాబులు కూడా రాశాను. సెలవులో ఉన్న మనిషి జవాబిచ్చిందని అవతల ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆ రాత్రి తెల్లవార్లూ నిద్ర లేదు.

జూలై 9న కౌన్సెలర్‌తో ఫోన్ అపాయింట్‌మెంట్ ఉంటే చెప్పేశాను. ఆవిడ నన్ను ఒకటే అడిగింది, "విసుగొస్తే ఏమవుతుందని భయం?" ఎంతసేపు ఆలోచించినా నాకు తోచింది అమ్మ మాటే. ఖాళీగా కూర్చుంటే మనిషి ఏమవుతుంది. ఫోన్ పెట్టేశాక, దాన్ని స్విచాఫ్ చేసి కారం డబ్బాలో పెట్టి మూత వేశాను. రోజుకు ఒకసారి, సాయంత్రం ఆరింటికి, అమ్మకూ మా ఆయనకూ ఫోన్ చేయడానికి మాత్రమే తీసేదాన్ని.

ఆ తర్వాత ఏ రోజున మారిందో చెప్పలేను. పొయ్యి దగ్గర అని మాత్రం చెప్పగలను. పొద్దున ఆ కట్టెల పొయ్యి మీద కాఫీ కావాలంటే నలభై నిమిషాలు పడుతుంది. ముందు రాత్రి బూడిద గీకి తీయాలి. బర్చ్ చెట్టు బెరడు, కాగితంలా పొరలు పొరలుగా వస్తుంది, తడిసినా మండుతుంది, అది అడుగున. దాని మీద చిటికెన వేలంత చీలికలు, వాటి మీద రెండు సన్న కట్టెలు, ఖాళీ వదిలి. అగ్గిపుల్ల గీశాక పొయ్యి తలుపు పూర్తిగా మూయకూడదు, పూర్తిగా తెరవకూడదు. గాలి లాగే చప్పుడు వస్తుంది, సన్నగా, పిల్లి గురకలా. అది వినిపించాకే మూయాలి. మొదట్లో ఈ నలభై నిమిషాల్లో వేరే పని చేసుకుందామని వెళ్ళేదాన్ని, వచ్చేసరికి ఆరిపోయేది. అందుకని అక్కడే కూర్చునేదాన్ని. కూర్చోవడానికి ఒక కారణం దొరికింది. చేతికి పని ఉంది, కానీ తొందరపెట్టడానికి వీల్లేని పని. ప్రెషర్ కుక్కర్ ఆ పొయ్యి మీద పెడితే విజిల్ రావడానికి అరగంట పట్టేది. పాప పొయ్యి ముందు పీట వేసుకుని విజిల్ కోసం కాచుకుని కూర్చునేది.

జూలై 20 ప్రాంతంలో అడవి బ్లూబెర్రీలు, ఇక్కడ బ్లోబేర్ అంటారు, పండటం మొదలైంది. స్వీడన్‌లో అలెమాన్స్‌రెట్టెన్ అని ఒక హక్కు ఉంది, 1994 నుంచి రాజ్యాంగంలో కూడా రాసి ఉంది. అడవి ఎవరిదైనా సరే, ఎవరైనా నడవొచ్చు, పళ్ళూ పుట్టగొడుగులూ కోసుకోవచ్చు. ఇళ్ళ పెరళ్ళలోకి, పంట చేలలోకి మాత్రం వెళ్ళకూడదు, చెట్లు విరచకూడదు. ఇంకొకరి అడవిలో కోయడానికి నాకు మొదట్లో మనసొప్పేది కాదు, ఎవరైనా అరుస్తారేమోనని చూసుకునేదాన్ని. ఎవరూ అరవలేదు, ఎదురైనవాళ్ళు చేయి ఊపి వెళ్ళిపోయారు. మోకాలెత్తు మొక్కలు, కింద వంగితే గాని పండు కనపడదు. నేరేడు పళ్ళు తిన్నట్టే నాలుక నల్లబడుతుంది. ఐదు నిమిషాలు ఒక చోట నిలవని మా పాప, మూడు గంటలు ఒకే పొద దగ్గర కూర్చుంది. ఆ నెలలో మొత్తం పదకొండు లీటర్లు కోశాం. ఇక్కడ పళ్ళను లీటర్లలోనే లెక్కపెడతారు.

ప్రతి రాత్రీ పాపకు చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక పిడుదుల కోసం వెతికేదాన్ని. జూలై 24న మోకాలి వెనక ఒకటి కరుచుకుని ఉంది. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, నలపకూడదు. ఎర్రటి వలయం వస్తుందేమోనని వారాల తరబడి ఆ చోటు చూశాం. రాలేదు. ఆ టెన్షన్ మాత్రం మరిచిపోలేను.

మా ఆయన గురించి చెప్పకపోతే ఇది అబద్ధమవుతుంది. ఆ ఏడాదంతా ఇంటి భారం ఆయన మోశారు. నా జీతంలో నెలకు ఆరేడు వేల క్రోనాలు తగ్గాయి, స్టుగా అద్దె నాలుగున్నర నెలలకు 18,000. పైగా మే, జూన్ శనివారాలు సామాన్లు మోసుకుని మూడు వాహనాలు మారి రావడం. జూలై చివర్లో ఒక రాత్రి, కట్టెలు కొట్టి వచ్చి కూర్చుని, "నీకు నెమ్మది, నాకు పరుగు" అన్నారు. గొంతు పెంచలేదు. నేను ఏడవలేదు, వాదించలేదు, అది నిజం కాబట్టి. ఆగస్టులో వారాంతాలు ఒకటి విడిచి ఒకటి నేనూ పాపా మాత్రమే వెళ్ళాం, ఆయన నగరంలోనే ఉండి పడుకున్నారు. ఇంట్లో ఒకరు ఆగాలంటే ఇంకొకరు ఎంత మోయాల్సి వస్తుందో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సింది. మేము మాట్లాడుకోలేదు.

ఆగస్టు 5 నుంచి 75 శాతం పని. కొత్తగా ఒక నియమం పెట్టుకున్నాను, మధ్యాహ్నం రెండు తర్వాత మీటింగులకు ఒప్పుకోను. ఆఫీసులో అభ్యంతరం వస్తుందని భయపడ్డాను. మా టీమ్‌లో చాలామంది పిల్లల్ని తీసుకురావడానికి మూడింటికే లేచిపోతారని ఆరేళ్ళలో మొదటిసారి గమనించాను.

ఆగస్టు చివరి వారం పెద్దావిడ గుప్పెడు కంటరెల్ పుట్టగొడుగులు కాగితం సంచిలో తెచ్చిచ్చింది. పసుపు రంగు, ఆప్రికాట్ పండు వాసన. కింద గొడుగుకు ఉండే రెక్కల్లాంటివి విడివిడిగా కాకుండా, కాడ దాకా జారిన ముడతల్లా ఉంటాయి. ఎలా గుర్తుపట్టాలో ఒక్కొక్కటీ తిప్పి చూపించింది. తెల్ల ఫ్లూగ్‌స్వాంప్ అనేది తింటే ప్రాణం పోతుందని, అనుమానం ఉంటే ముట్టుకోవద్దని నా చేత రెండుసార్లు చెప్పించింది. ఎక్కడ దొరికాయో మాత్రం చెప్పలేదు. ఇక్కడ ఆ చోటు ఎవరికీ చెప్పరు, కొన్నిసార్లు సొంత పిల్లలకు కూడా. సెప్టెంబరులో లింగోన్ పళ్ళు ఎర్రగా వచ్చాయి, వగరూ పులుపూ. ఇక్కడివాళ్ళు వాటిని ఉత్త నీళ్ళలో వేసి నెలల తరబడి నిలవ ఉంచుతారు, పండులోనే పాడవకుండా చూసే గుణముంది. నేను సగం అలా చేసి, సగం కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి నూనె పోసి తొక్కు పెట్టాను. పెద్దావిడకు ఒక సీసా ఇచ్చాను, బంగాళాదుంపల్లో నంజుకుని తిన్నానని చెప్పింది.

సెప్టెంబరు 29, ఆదివారం, ఇల్లు అప్పగించాం. పంపులో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా అంతా వంపేయాలి. పరుపులు ఎలుకలు కొట్టకుండా నిలబెట్టాలి. ఫ్రిజ్ తలుపుకు కర్ర అడ్డుపెట్టి తెరిచి ఉంచాలి. పెద్దావిడ కాఫీ ఫ్లాస్కు, దాల్చినచెక్క బన్నులు తెచ్చింది. మెట్ల మీద ఫీకా, అంటే కాఫీ విరామం, అయ్యాక పుస్తకం అందుకుని నా పేజీలు తిరగేసింది. జూన్ దాకా నిండుగా ఉన్న పేజీలు జూలై సగం నుంచి సన్నబడ్డాయి. ఆగస్టు 17 దగ్గర రెండే మాటలున్నాయి, కింద అంతా తెల్ల కాగితం.

"ఇది చదువు" అంది. "మీ భాషలోనే."

"వాన. ఏమీ చేయలేదు."

ఏమిటని అడిగింది, చెప్పాను. తల ఊపింది. పుస్తకం మేకుకు తగిలించి, ఆ రోజుది ఇంకా రాయలేదని గుర్తు చేసి, పెన్ను నా చేతికిచ్చింది.